ఎవరి తోట రసం?

మే నెల వస్తే చాలు, విజయవాడ బెంజి సర్కిల్ నుంచి హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ దాకా బండి మీద పళ్లు పేర్చుకున్న ప్రతి ఒక్కరిదీ ఒకటే కేక... ‘నూజివీడు రసాలు!’ కొనేవాళ్లదీ ఒకటే ప్రశ్న... ‘నిజంగా నూజివీడువేనా?’ అమ్మేవాడు తలూపుతాడు. గ్యారంటీ కార్డు అదే! వాసన చూసి, రెండు నొక్కి, బేరమాడి, సంచీలో వేసుకుని ఇంటికొచ్చేస్తారు. బాగుంటే నూజివీడు పేరు నిలబడుతుంది. పుల్లగా ఉంటే ‘ఈమధ్య నూజివీడు కాయలు కూడా ఇలాగే తగలడ్డాయి’ అనుకుంటారు. ఆ కాయ నూజివీడు మొహం చూసిందో లేదో ఎవరికీ తెలియదు.

ఇంకో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ‘ఎవరి తోటవి?’ అని. అడిగినా జవాబు చెప్పగలిగే మనిషి ఆ బండి దగ్గర ఉండడు.

ఫ్రాన్స్‌లో ఒక కుటుంబం చేసే ఎర్ర వైన్ సీసా తీసుకుంటే, ఆ ప్రశ్న అడగాల్సిన పనే లేదు. ఏ ప్రాంతం, ఏ ఊరు, ఏ తోట, ఏ సంవత్సరం పంట, సీసాలో నింపింది ఎవరు... అన్నీ దాని మీద అంటించిన కాగితమే చెప్పేస్తుంది. ఆదివారం పూట పిల్లల ముందు మందు కబుర్లేమిటి అంటారా? గొడవ సీసాలో ఉన్నదాని గురించి కాదు, సీసా మీద ఉన్నదాని గురించి.

నాలుగున్నర ఎకరాలు

తూర్పు ఫ్రాన్స్‌లో బర్గండీ అనే ప్రాంతం ఉంది. అక్కడ వోన్ అనే చిన్న ఊరు. ఆ ఊరి పక్కన కొండవాలులో రొమానే కోంతీ అనే ద్రాక్షతోట. విస్తీర్ణం 1.81 హెక్టార్లు, అంటే దాదాపు నాలుగున్నర ఎకరాలు. మన ప్రభుత్వ లెక్కల్లో ఒకటి నుంచి రెండు హెక్టార్ల మధ్య ఉన్నవాళ్లు చిన్న రైతులు. ఆ ఒక్క తోటనే లెక్కలోకి తీసుకుంటే, ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఎర్ర వైన్లలో ఒకదాన్ని పండించే ఆసామి మన దగ్గర చిన్న రైతు కిందికి వస్తాడు!

ఆ తోటను 1760లో కోంతీ యువరాజు కొన్నాడు. పేరు చివర ఉన్న ‘కోంతీ’ ఆయనదే. ఫ్రెంచి విప్లవంలో తోట జప్తయింది, తర్వాత వేలంలో అమ్ముడుపోయింది. చేతులు మారి మారి 1869లో ఒక వైన్ వ్యాపారి దగ్గరకు చేరింది. ఆయన వారసులు, 1942లో సగం వాటా కొన్న మరో కుటుంబం కలిసి నడిపిస్తూ వస్తున్నారు. దున్నకానికి ట్రాక్టరు బదులు గుర్రాన్ని వాడతారు, ట్రాక్టరు బరువుకు నేల గట్టిపడుతుందని. కోత చేత్తోనే. ఏటా వచ్చేది 5, 6 వేల సీసాలు. అంతే.

ఊరు కూడా ఆ తోటను చూసి గర్వపడింది. 1866లో వోన్ ఊరివాళ్లు తమ ఊరి పేరు చివర ‘రొమానే’ తగిలించుకుని వోన్-రొమానే అయ్యారు. మన దగ్గర ఊరు పేరు పండుకు పెడతాం, బంగినపల్లి అలా వచ్చిందే. అక్కడ తోట పేరు ఊరికి పెట్టుకున్నారు.

బర్గండీ రైతుల పని ఒకటి వింటే కృష్ణా జిల్లా పెద్దవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వానలకు కొండవాలు మట్టి కిందికి కొట్టుకొచ్చేది. పాతకాలంలో వాళ్లు ఆ మట్టిని తట్టలకెత్తి, వీపున మోసుకుంటూ మళ్లీ పైకి తీసుకెళ్లి తోటలో పోసేవారు. మన దగ్గర ఎండాకాలంలో చెరువు ఎండిపోయాక, ఒండ్రు మట్టిని బండ్లకెత్తి పొలాలకు, తోటలకు తోలుకునేవాళ్లు కాదూ? మట్టి విలువ తెలిసిన రైతు ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఆలోచిస్తాడు.

ఆరేళ్లు సీసా లేదు

1860లలో అమెరికా నుంచి ఫిలోక్సెరా అనే పేనంత పురుగు ఫ్రాన్స్‌లో అడుగుపెట్టింది. ద్రాక్ష వేళ్లను పట్టి దేశంలో తోటలకు తోటల్ని ఎండగట్టేసింది. అమెరికా ద్రాక్ష వేళ్లకు మాత్రం ఆ పురుగును తట్టుకునే శక్తి ఉంది. చివరికి దొరికిన దారి ఒక్కటే... అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టడం. జబ్బు వచ్చిన దేశం నుంచే మందూ వచ్చింది. ఈనాటి ఫ్రెంచి ద్రాక్షతోటల్లో చాలావాటికి కింద ఉన్నది అమెరికా వేరే!

రొమానే కోంతీ వాళ్లు దశాబ్దాలపాటు వేళ్లకు మందులు పోసుకుంటూ పాత తీగల్నే కాపాడుకొచ్చారు. యుద్ధం రోజుల్లో ఆ మందులూ కరవయ్యాయి. 1945లో, ఇక లాభం లేదని తీగల్ని పీకేశారు. ఆ ఆఖరి పంట నుంచి వచ్చినవి 600 సీసాలు. అంటుమొక్కలు నాటి, అవి ఎదిగి పనికొచ్చే కాపు ఇచ్చేదాకా, 1946 నుంచి 1951 వరకూ, ఆ పేరుతో ఒక్క సీసా కూడా బయటికి రాలేదు.

పక్క తోట ద్రాక్ష తెచ్చి, నింపి, అదే కాగితం అంటిస్తే కనిపెట్టేదెవరు? అంటించలేదు. ఆ 600 సీసాల్లో ఒకటి 2018 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో 4 కోట్ల రూపాయల పైమాటే. సీసాడు ద్రాక్షరసానికి అంత ధరేమిటి, పిచ్చి కాకపోతే అంటే... పిచ్చే. కాకపోతే ఆ పిచ్చికి పునాది ఒక నమ్మకం. కాగితం మీద ఏముందో లోపలా అదే ఉంటుందని.

ఇక్కడి నేల, ఇక్కడి చెట్టు

ఇప్పుడు నూజివీడుకు వద్దాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. మామిడికి మాత్రం ఇదంతా ఒకటే దేశం. డెల్టా కాలువల నీళ్లు ఎక్కని మెట్ట, ఎర్రనేలలు. కిందనున్న డెల్టాలో వరి ఎలాగో, ఇక్కడ మామిడి అలాగ.

టెంక పాతితే మొలిచే మొక్క తల్లిచెట్టు లాంటి కాయే కాస్తుందని నమ్మకం లేదు. చిన్నరసం కావాలంటే చిన్నరసం కొమ్మే తెచ్చి, నాటుమొక్క మీద అంటుకట్టాలి. ఎప్పుడో, ఎవరి పెరట్లోనో మొలిచిన ఒక చెట్టు... దాని కొమ్మలే చేతులు మారుతూ, అంట్ల మీద అంట్లుగా ఇవాళ్టి తోటల్దాకా వచ్చాయి. ఫ్రెంచివాడు పురుగు దెబ్బకు అలవాటు చేసుకున్న విద్య మన తోటమాలులకు తరతరాలుగా చేతి పని. నూజివీడులో ఉన్న మామిడి పరిశోధన కేంద్రం కూడా ఈ రకాల మీదే పనిచేస్తోంది.

ఎన్ని రకాలని! కోసుకు తినడానికి బంగినపల్లి. జుర్రుకోవడానికి చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం. ఆవకాయ జాడీకి జలాలు, కొత్తపల్లి కొబ్బరి. చక్కెర పలుకులు కలిపినట్టుండే పంచదార కలశ. గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి... మనవాళ్ల నోట ‘కలెక్టర్’ కాయ.

వీటన్నిట్లో ఈ ఊరి పేరు గట్టిగా అంటుకున్నది రసాలకే. చిన్నరసాన్ని కత్తితో కోసేవాడు ఈ ప్రాంతం వాడు కాదు. పండును రెండు చేతుల మధ్య పెట్టుకుని, తోలు చిట్లకుండా చుట్టూ మెల్లగా మెత్తబరచాలి. ముచ్చిక తీసి, సొన చుక్క పిండి పారేయాలి. ఆ తర్వాత మాటలుండవు. టెంక తెల్లబడేదాకా, మోచేతి దాకా కారినదీ వదలకుండా. పెరుగన్నంలో పిండుకుని తినడం ఇంకో వైభవం. రెండు ముద్దలు తిన్నాక అసలు కూరెందుకు వండారా అనిపిస్తుంది.

చిన్నరసానికి ఓపిక లేదు. తోలు పల్చన, లోపలంతా రసం. ముగ్గిన పండు ఇవాళ అమృతం, రేపు ఫరవాలేదు, ఎల్లుండి గోడ అవతలికి. వైన్‌తో పోలిక ఇక్కడ తేలిపోతుంది. మంచి వైన్ నేలమాళిగలో పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడుకుని రుచి పెంచుకుంటుంది. కొన్న మనిషి పోయినా మనవడు తాగుతాడు. చిన్నరసం మాత్రం మధ్యాహ్నం భోజనానికి రెడీ అయితే రాత్రి దాకా కూడా మర్యాద పాటించదు. దాన్ని నిలవ ఉంచాలంటే తాండ్రే గతి. రసం తీసి, చాప మీద పొర మీద పొరగా పూసి, ఎండలో ఆరబెట్టి... ఆ ఎండ, ఆ ఓపిక ఇప్పుడెవరికి?

మామిడిపండు నుంచి వైన్ చేయలేమా అనేవాళ్లకు జవాబు ఎప్పుడో వచ్చింది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధకులు బంగినపల్లి, తోతాపురి, నీలం సహా ఆరు రకాల పళ్లను పులియబెట్టి చూసి, 2005లో ఆ ఫలితాలు ప్రచురించారు. వైన్ వచ్చింది. చిన్నరసాన్ని పులియబెట్టడానికి మనసొప్పాలి కానీ!

తోట ఎప్పుడు పేరు పోగొట్టుకుంటుంది?

ఇంత ఘనమైన పండు బండి మీదికి వచ్చేసరికి అనాథ ఎందుకవుతోంది? దాని దారి వెంట ఒకసారి నడిస్తే తెలుస్తుంది.

డిసెంబరు, జనవరిలో చెట్టు పూతకొస్తుంది. మంచు, మబ్బు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు, తామర పురుగు వరసగా దాడి చేస్తాయి. పైగా మామిడి సహజంగానే ఏడాది విడిచి ఏడాది కాసే రకం. ఈ జూదం ఆడే ధైర్యం, మందులకు పెట్టుబడి లేక చాలామంది తోటను పూత మీదో, పిందె మీదో వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తారు. ఆసామి విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. రెండేళ్లకీ, మూడేళ్లకీ కలిపి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ సంతకంతోనే పండు సగం పేరు పోగొట్టుకుంటుంది. తాత నాటిన చెట్టే, ఇంటి పేరు మీద ఉన్న పొలమే, కానీ ఆ కాయ ఇక వాళ్లది కాదు.

గుత్తదారును తప్పుపట్టడం తేలిక. ఆయన బాధ ఆయనది. అప్పు తెచ్చి డబ్బు కట్టాడు, గడువులోగా తిరిగి రాబట్టుకోవాలి. చెట్టు పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్నది ఆయన లెక్కలో లేని విషయం. అందుకే మందు ఒక విడత ఎక్కువే పడుతుంది. పూత తెప్పించే హార్మోన్ మందు మొదట్లో పోసేస్తారు. సీజన్ తొలి రోజుల్లో ధర బాగుంటుంది, మేలో సరుకు వెల్లువెత్తగానే పడిపోతుంది. కాబట్టి టెంక ముదరకముందే కాయ చెట్టు దిగుతుంది. చిక్కంతో ఒక్కో కాయా తొడిమతో సహా దించితే సొన మరక పడదు, కాయ నిలుస్తుంది. కానీ దానికి కూలీలు, సమయం కావాలి.

లారీ అక్కడి నుంచి విజయవాడ శివార్లలోని నున్న మార్కెట్‌కో, హైదరాబాద్‌కో వెళుతుంది. అక్కడ కాయలు సైజుల వారీగా విడిపోతాయి. ఏ తోట అన్నది ఎవరికీ అక్కర్లేదు. పొలంలో పశువుల ఎరువు వేసి, పండు చెట్టున ముదిరేదాకా ఆగిన రైతు కాయ, ఆత్రంగా కోసిన కాయ ఒకే కుప్పలో కలుస్తాయి. కమీషన్ పోగా, తరుగు పోగా చేతికొచ్చే ధర ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. అలాంటప్పుడు మంచి కాయ పండించాలన్న పట్టుదల ఎన్నాళ్లు నిలుస్తుంది?

వరిగడ్డిలో ముగ్గేసిన పండు వాసన ఇల్లంతా తెలిసేది. ఆ ఓపిక లేనివాళ్లకు దొరికిన అడ్డదారి కాల్షియం కార్బైడ్. దాంతో పండ్లు ముగ్గించడం నిషేధం. అనుమతి ఉన్నది ఇథిలీన్ వాయువుతో, అదీ నిబంధనల ప్రకారం. కార్బైడ్ పడ్డ పచ్చికాయకు పైన పసుపు రంగు వస్తుంది, లోపల రుచి రాదు. ఆ కాయ మీద తోట పేరు ఉండి ఉంటే తినేవాడు మర్నాడే తిట్టేవాడు. పేరు లేదు కాబట్టి తిట్టంతా నూజివీడుకే పోతుంది.

కాగితం ఊరికే రాలేదు

ఫ్రెంచివాళ్ల కాగితం రాజులు దానం చేసింది కాదు. ఫిలోక్సెరా తర్వాత సరుకు కొరతలో చక్కెర, నీళ్లు, ఎండుద్రాక్షతో దొంగ వైన్ మార్కెట్‌ను ముంచెత్తింది. అసలు ద్రాక్ష పండించినవాడికి ధర లేదు. 1907లో దక్షిణ ఫ్రాన్స్ రైతులు వీధుల్లోకి వచ్చారు. మోంపెలియే పట్నంలో లక్షల మంది పోగయ్యారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. 1911లో షాంపేన్ ప్రాంతంలోనూ బయటి ద్రాక్ష తెచ్చి తమ పేరు వాడుకుంటున్నారని గొడవలయ్యాయి. అలా దెబ్బలు తిని తిని 1935 నాటికి, ఫలానా పేరు వాడుకోవాలంటే ఫలానా నేల, ఫలానా ద్రాక్ష రకం, ఎకరానికి ఇంతకు మించని దిగుబడి ఉండాలని చట్టం తెచ్చుకున్నారు.

మన దేశంలో అలాంటి భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది మొదటి గుర్తింపు డార్జిలింగ్ తేయాకుకు దక్కింది. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది. బనగానపల్లె చుట్టుపక్కల మండలాలు పుట్టిల్లు, కోస్తా, రాయలసీమ, తెలంగాణలోని కొన్ని జిల్లాలు ఆ తర్వాతి స్థానంలో. సంతోషించాల్సిందే. కానీ రెండు రాష్ట్రాలంత విశాలమైన పేరు తోటకు ఏం చేస్తుంది? బర్గండీలో పేరు మెట్లు మెట్లుగా దిగుతుంది. ముందు ప్రాంతం, దాని లోపల ఊరు, ఊళ్లో తోట, చివర కుటుంబం. మనం పై మెట్టు మీదే ఆగిపోయాం.

కింది మెట్టు దాకా వెళ్లినవాళ్లు అసలు లేరని కాదు. తోటను గుత్తకివ్వకుండా సొంతంగా చూసుకుంటూ, కాయ ముదిరాక కోసి, అట్టపెట్టెల్లో గడ్డి పరిచి, నేరుగా ఇళ్లకు పంపే రైతులు నూజివీడు పరిసరాల్లోనూ ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో మార్కెట్లు మూతపడ్డప్పుడు ఈ దారి చాలామందికి పరిచయమైంది. ఫోన్‌లో ఆర్డరు, బస్సు పార్శిల్, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర పెట్టె. ఒకసారి తిన్నవాళ్లు మరుసటి ఏడాది మార్చిలోనే ఫోన్ చేస్తారు... ‘ఈసారి పూత ఎలా ఉందండీ?’ అని. తోట పూత గురించి ఎక్కడో కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉన్న మనిషి బెంగపెట్టుకోవడం కంటే గొప్ప లేబుల్ ఏముంటుంది?

ఇదీ తేలిక కాదు. పది టన్నుల కాయ ఉన్న రైతు పెట్టెల్లో అమ్మగలిగేది కొంతే. మిగతాది లారీ ఎక్కాల్సిందే. నాలుగు కాయలు చితికితే డబ్బు వాపస్ అడుగుతారు. బంగినపల్లి పెట్టెలో నాలుగు రోజులు ఓర్చుకుంటుంది, చిన్నరసం ఓర్చుకోదు. అందుకే వ్యాపారి బంగినపల్లినే అడుగుతాడు, ఎగుమతిదారుకూ అదే కావాలి. రైతూ కొత్త మొక్క పెడితే అదే పెడతాడు. మామిడి తీసేసి ఆయిల్‌పామ్ వేసుకున్నవాళ్లూ ఉన్నారు. నెలనెలా గెలలు, ఫ్యాక్టరీ కొనుగోలు... ఎవరు కాదనగలరు? ముసలి రసం చెట్టు పడిపోతే దాని స్థానంలో రసమే నాటే ఇల్లు ఎన్నుంటాయో చూడాలి.

పాత లెక్కన పది మీటర్లకు ఒకటి చొప్పున నాటితే, ఎకరానికి 40 చెట్లు. రొమానే కోంతీ అంత తోటలో 180 చెట్లు పడతాయి. ఆ 180లో పాతిక రసం చెట్లున్నా చాలు, వాటి కాయలకు విడిగా పెట్టె, పెట్టె మీద చీటీ పెట్టడానికి. చీటీ మీద పెద్ద కవిత్వం అక్కర్లేదు. ఊరు, తోట, కుటుంబం పేరు, రకం, కోసిన తేదీ... ఎలాగూ చిన్నరసం కాబట్టి ఇంకో వాక్యం కూడా రాయాలి. ‘మూడో రోజు మధ్యాహ్నం తినండి, నాలుగో రోజుకు ఉంచకండి’ అని.